అల్ అక్సా ద్వారం దగ్గర నిలబడిన పోలీసు ఎవరి తరఫు?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్ల కిందట మా మేనత్త గుంటూరు నుంచి ఒక బృందంతో యెరూషలేము యాత్రకు వెళ్లివచ్చింది. తెచ్చిన ఫోటోలన్నిటిలోనూ వెనకాల బంగారు గుమ్మటం (అదే అల్ అక్సా మసీదు అనుకుంటున్నాను) కనిపిస్తుంది కానీ, ఆ ఆవరణలోకి మాత్రం తాము వెళ్లలేదని, ఆ రోజు శుక్రవారం కావడంతో పోలీసులు ఇతర మతస్థులను రానివ్వలేదని చెప్పింది. అప్పటినుంచి ఆ స్థలం గురించి వచ్చే వార్తలను కొంచెం శ్రద్ధగా చదువుతున్నాను. అయినా ఒక విషయం నాకు కొరుకుడు పడటం లేదు.

2017 జులైలో అక్కడి ద్వారాల దగ్గర మెటల్ డిటెక్టర్లు పెట్టినందుకు దాదాపు రెండు వారాలు నగరం అట్టుడికిపోయింది, ప్రాణాలు పోయాయి. మనం తిరుమల వెళ్లేటప్పుడు అలిపిరి దగ్గర సామాను దించి, డిటెక్టరు గుమ్మంలోంచి నడిచి, మళ్లీ బండెక్కుతాం. 2007 పేలుడు తరువాత హైదరాబాదు మక్కా మసీదు దగ్గర కూడా తనిఖీలు పెట్టారు, వాటిని ఎవరూ అవమానంగా భావించినట్టు లేదు. మరి అక్కడ ఒక ఇనుప చట్రం అంత పెద్ద విషయం ఎందుకయింది? తెలిసినవారు వివరించగలరు.

శిలాశాసనం

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పేముందు చిన్న సవరణ. ఫోటోల్లో కనిపించే బంగారు గుమ్మటం అల్ అక్సా మసీదు కాదు. అది ఖలీఫా అబ్దుల్ మలిక్ ఏడో శతాబ్దం చివర కట్టించిన శిలా గుమ్మటం. దక్షిణపు కొసన సీసం రంగు గుమ్మటంతో ఉన్నది ప్రార్థనా మందిరం. ముస్లింల దృష్టిలో మాత్రం దాదాపు 35 ఎకరాల ఆవరణ మొత్తం అల్ అక్సాయే, దానికే హరమ్ అష్షరీఫ్ అని మరో పేరు. యూదులకు అదే టెంపుల్ మౌంట్, అంటే సొలొమోను కట్టించిన దేవాలయమూ, క్రీస్తుశకం 70లో రోమన్లు కూలగొట్టిన రెండో దేవాలయమూ నిలిచిన చోటు. వాళ్లకు భూమి మీద అంతకంటే పవిత్రమైన స్థలం లేదు. ముస్లింలకు మక్కా, మదీనాల తరువాత మూడోది.

అసలు విషయం 1967 జూన్‌లో ఉంది. ఆ నెల 7న, ఆరు రోజుల యుద్ధంలో, ఇజ్రాయెల్ సైనికులు అప్పటివరకు జోర్డాన్ చేతిలో ఉన్న ఆవరణలోకి ప్రవేశించి శిలా గుమ్మటం మీద తమ జెండా ఎగరేస్తే, రక్షణ మంత్రి మోషే దయాన్ దాన్ని వెంటనే దింపించాడు. పది రోజుల తరువాత వక్ఫ్ (ఆవరణను చూసుకునే ముస్లిం ధార్మిక సంస్థ) పెద్దలతో కూర్చుని ఒక ఏర్పాటుకు వచ్చాడు: లోపలి నిర్వహణ జోర్డాన్ కింద ఉన్న వక్ఫ్ చూసుకుంటుంది, బయటి భద్రత ఇజ్రాయెల్ చూసుకుంటుంది, యూదులు వచ్చి చూడవచ్చు కానీ ప్రార్థన చేయకూడదు, ప్రార్థన కావాలంటే కింద పశ్చిమ గోడ ఉంది. దీన్నే ఈనాటికీ యథాతథ స్థితి అంటున్నారు.

ఈ ఏర్పాటును ఇరుపక్షాలూ సంతకం పెట్టిన కాగితంగా ఎవరూ రాసుకోలేదు. 1994 నాటి ఇజ్రాయెల్–జోర్డాన్ శాంతి ఒప్పందం తొమ్మిదో అధికరణంలో జోర్డాన్‌కు ఉన్న ప్రత్యేక పాత్రను గౌరవిస్తామని ఉంది తప్ప, ఏ ద్వారం ఎవరిది, గడియారంలో ఏ గంట ఎవరిది, పెదవులు కదిపితే ప్రార్థన అవుతుందా కాదా అన్న సంగతులు అందులో లేవు. రాసిలేని ఒప్పందానికి రోజూ ఉదయం అర్థం చెప్పవలసిన పని ద్వారం దగ్గర నిలబడిన పోలీసు మీద పడింది. కాబట్టి అక్కడ పోలీసు ఏ వస్తువును పెట్టినా, ఏ వస్తువును తీసినా, అవతలివారు దాన్ని ఒప్పందంలో ఒక కొత్త వాక్యంగా చదువుతారు.

పాత వకీలు

శిలాశాసనం గారి వివరణ బాగుంది కానీ, పోలీసుల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. 2017 జులై 14 శుక్రవారం ఉదయం ఏం జరిగిందో మరిచిపోకూడదు. ఉమ్మ్ అల్ ఫహమ్ పట్టణానికి చెందిన ముగ్గురు అరబ్బు యువకులు, ముగ్గురూ ఇజ్రాయెల్ పౌరులే, ముందుగానే ఆవరణలోకి చేరవేసి దాచిన తుపాకులతో బయటికి వచ్చి ద్వారం దగ్గర కాపలా ఉన్న ఇద్దరు పోలీసులను కాల్చి చంపారు. ఆ ఇద్దరూ యూదులు కారు, అరబ్బీ మాట్లాడే డ్రూజ్ తెగవారు. తుపాకులు లోపలే దాచిపెట్టారని తెలిసిన తరువాత ఏ దేశపు పోలీసయినా ద్వారం దగ్గర డిటెక్టరు పెట్టడా? పశ్చిమ గోడ దగ్గరికి వెళ్లే యూదులు కూడా రోజూ అలాంటి తనిఖీలోంచే నడుస్తారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇజ్రాయెల్ సుప్రీం కోర్టు ముందుకు అక్కడ ప్రార్థన చేసుకునే హక్కు కోరుతూ యూదులు ఎన్నోసార్లు వెళ్లారు. కోర్టు ప్రతిసారీ సూత్రప్రాయంగా హక్కు ఉందంటూనే, శాంతిభద్రతలకు ముప్పు అని పోలీసులు భావిస్తే ఆ హక్కును ఆపవచ్చని చెబుతూ వచ్చింది. మా వృత్తిలో ఇలాంటి తీర్పును ‘డిక్రీ వచ్చింది కానీ అమలు కాలేదు’ అంటాం. తన మతంలో అత్యంత పవిత్రమైన చోట పెదవి కదిపితే పోలీసు చెయ్యి పట్టుకుని బయటికి నడిపించే పరిస్థితి యూదుడికి బాధ కలిగించదా?

మూసీ ఒడ్డు

వకీలు గారూ, బాధ కలిగిస్తుంది, కాదనను. అయితే నేను స్వయంగా చూసినది కొంత చెబుతాను. హైదరాబాదు నుంచి ఒక చిన్న బృందంగా వెళ్లి, హెరోదు ద్వారం దగ్గరలో ఉన్న హిందీ జావియా పక్క వీధిలో దిగాము. బాబా ఫరీద్ బస చేశాడని చెప్పుకునే చోటది, ఎన్నో తరాలుగా భారతీయ యాత్రికులకు విడిది. తెల్లవారుజాము నమాజుకు ఆవరణ దగ్గరికి వెళితే, రాతి కమాను కింద మొదట ఆకుపచ్చ దుస్తుల్లో ఉన్న ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు మా పాస్‌పోర్టు అడిగాడు. అతడికి నాలుగడుగుల అవతల, మామూలు చొక్కా వేసుకుని చేతిలో వాకీటాకీ పట్టుకున్న వక్ఫ్ కాపలాదారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భారతీయులమంటే ముస్లింలమేనన్న నమ్మకం కుదరలేదేమో, ఆయన చిరునవ్వుతో ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా చదవమన్నాడు. మా బృందంలో డెబ్బై దాటిన పెద్దాయన చదవడం మొదలుపెట్టగానే రెండో వాక్యం దగ్గరే ఆపి, లోపలికి రమ్మని చెయ్యి చూపాడు. ఈ ఇద్దరు ద్వారపాలకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఒక్క మాటా అనుకోలేదు. యథాతథ స్థితి అంటే ఏమిటో నాకు ఆ నాలుగడుగుల మధ్య అర్థమయింది.

ఇప్పుడు డిటెక్టర్ల మాట. హత్యల తరువాత పోలీసులు ఆవరణను మూసేశారు. ఆ శుక్రవారం అక్కడ జుమా నమాజు జరగలేదు. 16న తెరిచినప్పుడు ద్వారాల దగ్గర డిటెక్టర్లు ఉన్నాయి. వక్ఫ్‌తో మాట్లాడి పెట్టినవి కావు. అలిపిరిలో డిటెక్టరు పెట్టేది దేవస్థానం భద్రతా సిబ్బందే, మక్కా మసీదు దగ్గర పెట్టింది మనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వపు పోలీసులు. అక్కడ పెట్టింది మాత్రం తూర్పు జెరూసలెంలో ఉన్న పాలస్తీనీయులు ఆక్రమణదారుగా చూసే ప్రభుత్వపు పోలీసులు. తల వంచి ఆ చట్రంలోంచి నడవడమంటే, ద్వారం మీద అధికారం మీదేనని ఒప్పుకోవడమే అని వక్ఫ్ పెద్దలు భావించారు. కాబట్టి వాళ్లు లోపలికి వెళ్లలేదు. సింహ ద్వారం బయట రోడ్డు మీదే పదిరోజుల పైగా ఐదు పూటలా నమాజు చేశారు, రోజురోజుకూ జనం పెరిగారు.

ఇంకొక భయం కూడా ఉంది, దాని పేరు హెబ్రోన్, పశ్చిమ తీరంలోని పాలస్తీనా నగరం. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ మాసంలో, అక్కడి ఇబ్రాహీమీ మసీదులో బరూక్ గోల్డ్‌స్టైన్ అనే యూదు వైద్యుడు నమాజు చేస్తున్నవారి మీద కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. యూదులకు అది పితరుల సమాధి గుహ. ఆ తరువాత భద్రత పేరుతో ఆ కట్టడాన్ని రెండు భాగాలుగా విడదీశారు. ద్వారాలు వేరయ్యాయి, తనిఖీ కేంద్రాలు వచ్చాయి, ఏడాదికి పది రోజులు పూర్తిగా యూదులకు, పది రోజులు పూర్తిగా ముస్లింలకు అని లెక్క పెట్టారు. చనిపోయింది ముస్లింలు, పంపకానికి వచ్చింది వాళ్ల మసీదు అన్న మాట పాలస్తీనా ఇళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. భద్రత కోసం అని మొదలైనది పంపకంతో ముగుస్తుందన్న అనుభవం ఉన్నవాడికి ఇనుప చట్రం వట్టి ఇనుప చట్రంలా కనిపించదు.

జగిత్యాల బాటసారి

నేను ఆరేళ్లు ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పని చేశాను. మా జిల్లా నుంచీ, నిజామాబాదు నుంచీ ఈ పని మీద వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసుకున్న పెద్దాయనను సబా అని పిలిచేవాణ్ణి, అంటే తాతయ్య. నిష్ఠగా బతికిన మనిషి. సెలవు రోజున జెరూసలెం చూసి వస్తానంటే సంతోషించి, ‘నేను అడుగు పెట్టకూడని చోటికి నువ్వు పోయి చూసి రా’ అన్నాడు. ఎనభై ఏళ్లు ఆ దేశంలో ఉండి ఒక్కసారి కూడా ఆ కొండ మీదికి ఎందుకు వెళ్లలేదని అడిగాను.

ఆయన చెప్పింది మన మాటల్లో చెప్పాలంటే మైల. శవాన్ని తాకినా, శవం ఉన్న ఇంట్లో ఉన్నా అంటుకునే మైల తీరాలంటే, ధర్మశాస్త్రం ప్రకారం ఎర్ర ఆవును దహించిన బూడిద కలిపిన నీళ్లు చల్లాలి. రెండు వేల ఏళ్లుగా ఆ బూడిద లేదు, కాబట్టి అందరూ మైలలోనే ఉన్నట్టు. పైగా ఒకప్పుడు ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి మాత్రమే ప్రవేశించిన అతి పరిశుద్ధ స్థలం ఆ కొండ మీద సరిగ్గా ఎక్కడుందో తెలియదు, పొరపాటున దాని మీద కాలు పడితే మహాపాపం. ముస్లిమేతరులు ఆవరణలోకి వెళ్లే ముగ్రబీ ద్వారానికి ఎక్కే దారి మొదట్లో ప్రధాన రబ్బీల కార్యాలయం పెట్టిన బోర్డు ఉంటుంది, స్థలపు పవిత్రత వల్ల యూదులు ఎవరూ ప్రవేశించరాదని.

ఆ దారి చెక్క వంతెన. పక్కనే అల్లర్లప్పుడు వాడే పోలీసు డాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి, పెళ్లి పందిట్లో మడత కుర్చీలు పేర్చినట్టు. కింద గోడ దగ్గర ఒక పిల్లవాడి పదమూడేళ్ల వేడుక జరుగుతోంది, డోలు వాయిస్తున్నారు, ఆడవాళ్లు అడ్డుగోడ మీదుగా చాక్లెట్లు విసురుతున్నారు. పైకి ఎక్కేసరికి డోలు చప్పుడు ఆగిపోయి, ఆలివ్ చెట్ల కింద పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. తిరిగి వెళ్లి ఇదంతా చెబితే సబా అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, అక్కడ గడ్డి పచ్చగా ఉందా అని.

అక్షరసాక్షి

బాటసారి గారి సబా తరం వెళ్లిపోతోందని నా అనుమానం. ఆ నిషేధాన్ని పక్కనపెట్టి, స్నానం చేసి తోలు చెప్పులు విప్పి వెళ్లవచ్చనే రబ్బీలు మతవాద జాతీయవాద వర్గంలో పెరిగారు. 1967 ఆగస్టులోనే సైన్యపు ప్రధాన రబ్బీ ష్లోమో గోరెన్ ఒక బృందాన్ని తీసుకుని వెళ్లి అక్కడ ప్రార్థన చేశాడు. అప్పుడు ప్రభుత్వమే దాన్ని ఆపించింది. ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. పోలీసులు ఎవరి ఆధీనంలో ఉంటారో ఆ మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ 2023 జనవరిలో మంత్రి హోదాలో అక్కడికి వెళ్లాడు, 2024 ఆగస్టులో దేవాలయ విధ్వంసాన్ని స్మరించే ఉపవాస దినాన రెండు వేలకు పైగా యూదులు వెళ్లిన రోజున తానూ వెళ్లాడు, 2025 ఆగస్టులో అక్కడే బహిరంగంగా ప్రార్థన నడిపించాడు. ప్రతిసారీ ప్రధాని కార్యాలయం యథాతథ స్థితి మారలేదని ప్రకటిస్తుంది. పై అధికారి స్వయంగా నియమం దాటుతుంటే, కింది కానిస్టేబులు పక్కనున్న భక్తుడిని పెదవి కదపవద్దని ఎలా అంటాడు? వకీలు గారు చెప్పిన ‘శాంతిభద్రతల ముప్పు’ను అంచనా వేయవలసిన శాఖ, ఆ ముప్పును తెచ్చే నాయకుడి చేతిలోనే ఉంది.

నిర్వాహకుడు

చర్చ మర్యాదగా సాగుతోంది, సంతోషం. ఒక కొత్త సభ్యుడు మన దేశంలోని వివాదాస్పద స్థలాలను ఇందులోకి లాగుతూ రాసిన రెండు టపాలను తొలగించాము. ఆ విషయానికి వేరే శీర్షిక ఉంది. ఇక్కడ జెరూసలెం మీదే ఉండండి.

శిలాశాసనం

ఒక వస్తువు ఎంత చిన్నదైతే అంత పెద్ద గొడవ అన్నది ఈ స్థలానికి కొత్త కాదు. బ్రిటిష్ పాలనలో, 1928 సెప్టెంబరులో, యోమ్ కిప్పూర్ అనే యూదుల ప్రాయశ్చిత్త దినం నాడు పశ్చిమ గోడ దగ్గర ప్రార్థనకు వచ్చిన యూదులు ఆడవారికీ మగవారికీ మధ్య ఒక మడత తెర నిలబెట్టారు. అప్పుడు ఈనాటి విశాలమైన మైదానం లేదు. 1967లో ముగ్రబీ పేట ఇళ్లను కూలగొట్టి దాన్ని చేశారు. అంతకుముందు ఉన్నది నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేని సందు, అదీ వక్ఫ్ సొత్తు. తెర నిలబెడితే రేపు కప్పు, ఎల్లుండి ప్రార్థనా మందిరం వస్తాయని ముస్లింలు ఫిర్యాదు చేశారు. తీసేయమని జిల్లా అధికారి చెప్పాడు, ఎవరూ తీయలేదు, మర్నాడు ఉదయం ప్రార్థన మధ్యలోకి పోలీసులు వచ్చి బలవంతంగా పెరికివేశారు. అక్కడ పెనుగులాట జరిగింది.

బ్రిటిష్ పోలీసు వాడిన తర్కం కూడా యథాతథ స్థితే, అంతకుముందు ఒట్టోమన్ తుర్కుల పాలనలో తెర లేదు కాబట్టి ఇప్పుడూ ఉండకూడదని. ఆ తెర చుట్టూ ఏడాది పాటు పెరిగిన పుకార్లూ, ఊరేగింపులూ 1929 ఆగస్టు మారణకాండకు దారితీశాయి. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. ఆ అరబ్బుల్లో ఎక్కువమంది పోలీసు, సైన్యాల కాల్పుల్లో పోయినవారు.

కృష్ణాతీరం

ఇది నాకు తెలియదు. అంటే అప్పుడు యూదుల తెరను తీసేసిన పోలీసూ, ఇప్పుడు ముస్లింల ముందు డిటెక్టరు పెట్టిన పోలీసూ ఒకే మాట చెప్పారన్నమాట. డిటెక్టర్ల కథ చివరికి ఎలా ముగిసింది? 2021లో జరిగిన యుద్ధానికీ దీనికీ సంబంధం ఉందా?

మూసీ ఒడ్డు

డిటెక్టర్ల కథ ముగిసిన తీరు విచారకరం. 2017 జులై 21 శుక్రవారం యాభై ఏళ్ల లోపు పురుషులను రానివ్వలేదు. ఆ రోజు ఘర్షణల్లో ముగ్గురు పాలస్తీనీయులు చనిపోయారు. ఆ రాత్రే హలమీష్ అనే యూదుల స్థావరంలో విందుకు కూర్చున్న ఒక కుటుంబంలోకి చొరబడిన యువకుడు ముగ్గురిని కత్తితో పొడిచి చంపాడు. రెండు రోజులకు అమ్మాన్‌లోని ఇజ్రాయెల్ రాయబార కార్యాలయపు కాపలాదారు ఇద్దరు జోర్డానీయులను కాల్చాడు. 25న డిటెక్టర్లు తీసేశారు, 27కి మిగిలిన చట్రాలు కూడా పోయాయి. డిటెక్టర్లు వద్దని సైన్యమూ, గూఢచారి విభాగమూ ముందే సలహా ఇచ్చాయని అప్పట్లో ఇజ్రాయెల్ పత్రికలే రాశాయి.

2021 కూడా ఇదే వరస. రంజాన్ మొదలైన సాయంత్రమే, ఏప్రిల్ 13న, కింద గోడ దగ్గర ఇజ్రాయెల్ అమర సైనికుల సంస్మరణ సభలో అధ్యక్షుడి ప్రసంగానికి అడ్డం రాకూడదని పోలీసులు మినార్లెక్కి మైకుల తీగలు ఊడదీశారని మసీదు అధికారులు చెప్పారు. అదే వారం పాత నగరపు డమాస్కస్ ద్వారం మెట్ల మీద, ఇఫ్తారు తరువాత కుర్రవాళ్లు కూర్చునే చోట, ఇనుప అడ్డుకంచెలు పెట్టారు. దాదాపు రెండు వారాలు రాళ్లు, నీటి ఫిరంగులు నడిచాక వాటిని తీసేశారు. ఈలోగా తూర్పు జెరూసలెంలోని షేక్ జర్రా పేటలో పాలస్తీనా కుటుంబాల చేత ఇళ్లు ఖాళీ చేయించే వివాదం కలిసింది. మే 7న, మళ్లీ 10న పోలీసులు ఆవరణలోకి వెళ్లి బాష్పవాయువు, శబ్ద గ్రెనేడ్లు వాడారు. లోపలినుంచి రాళ్లు విసిరారు, అదీ నిజమే. 10వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు హమాస్ గడువు పెట్టి గాజా నుంచి రాకెట్లు వదిలింది, పదకొండు రోజుల యుద్ధం జరిగింది. తీగలు ఊడదీసిన అధికారి ఆ సాయంత్రం ఇదంతా ఊహించి ఉండడు.

పాత వకీలు

మీరు చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ పోలీసు వెనక్కి తగ్గిన ప్రతిసారీ హింసతో సాధించామన్న భావన అవతల బలపడుతుందనీ, తగ్గకపోతే శవాలు లేస్తాయనీ, ఈ రెంటి మధ్య ఆ శాఖ నలుగుతోందనీ కూడా ఒప్పుకోవాలి. నేను మొదట ‘ఏ దేశపు పోలీసయినా డిటెక్టరు పెట్టడా’ అన్నాను. ‘ముందు ఎవరితో మాట్లాడి’ అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

బాటసారి గారు ఎక్కిన చెక్క వంతెన గురించి ఒక మాట కలుపుతాను. అక్కడ పూర్వం మట్టి దిబ్బ దారి ఉండేది. 2004 ఫిబ్రవరిలో అది కొంత కూలిపోతే తాత్కాలికంగా కొయ్యతో వంతెన కట్టారు. 2007లో శాశ్వత వంతెన కోసం తవ్వకాలు మొదలుపెడితే మసీదు పునాదులు తవ్వుతున్నారని అరబ్ దేశాలంతటా నిరసనలు లేచాయి, టర్కీ నుంచి నిపుణుల బృందం వచ్చి చూసి వెళ్లింది. 2011 డిసెంబరులో అది అగ్నిప్రమాదానికి అనువుగా ఉందని, కూలే ప్రమాదం కూడా ఉందని మూసేసి, రెండు రోజులకే మళ్లీ తెరిచారు. కొత్త వంతెన కడితే యథాతథ స్థితి మారినట్టు, కట్టకపోతే ఏదో ఒక రోజు జనం మీద కూలవచ్చు.

జగిత్యాల బాటసారి

వకీలు గారూ, నేను ఎక్కినప్పుడు ఒక పలక కాలి కింద ఊగితే కిందికి చూశాను. అప్పటికే అది చాలాసార్లు మార్చిన పలకలా ఉంది, పక్క పలకల కంటే రంగు లేతగా ఉంది, మేకులు కొత్తవి.